సుఖమునకు కొలబద్ద యెవరి చేతిలోనిది?

మన యూళ్లలో వైకల్యము గలవారి యింట కూర్చుండి మాటాడుచున్నపుడు తప్పక వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: “సర్టిఫికెట్టులో ఎంత శాతము వేసినారు?” 1995 నాటి చట్టములోను, దాని స్థానమున వచ్చిన 2016 నాటి చట్టములోను నూటికి 40 అనునది గడప వంటిది. ఆ గడప దాటినవారికి ఉద్యోగములలో ప్రత్యేక స్థానములు మున్నగు సౌకర్యములు లభించును. 39 వద్ద ఆగినవారికి లభింపవు. ఆ అంకెను వేయువాడు వైద్యుడు. చేయి ఎంత లేచుచున్నది, కన్ను ఎంత దూరము చూచుచున్నది, చెవి ఎంత వినుచున్నది అని పరీక్షించి ఆయన వ్రాయును. అది అవసరమైన పనియే. కాని ఆ కాగితమును మడిచి సంచిలో పెట్టుకొని యింటికి మరలిన మనిషి ఎట్లున్నాడు? అతని దినములు బాగుగ గడచుచున్నవా? ఈ ప్రశ్నకు ఆ అంకెలో సమాధానము లేదు.

శరీరమునకు కలిగిన లోపమును కొలుచుట వేరు. ఆ మనిషి బాగోగులను కొలుచుట వేరు. ఈ భేదమును శాస్త్రము గుర్తించి, రెండవదానిని గూడ కొలుచుటకు పూనుకొన్న చరిత్ర ఇంచుమించు ఎనుబది యేండ్లది. అది అంకెల చరిత్రవలె కనబడును గాని, లోతుగ చూచినచో ఒకే వివాదము దాని నిండ అల్లుకొనియున్నది: కొలబద్ద ఎవరి చేతిలో నుండవలెను? చూచువాని చేతిలోనా, అనుభవించువాని చేతిలోనా? ఆ వివాదమునే యిక్కడ కొంత వివరింప దలచితిమి.

1948లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి, ఆరోగ్యమనగా రోగము లేకపోవుట మాత్రమే కాదనియు, దేహమునకు, మనస్సునకు, సంఘజీవనమునకు సంపూర్ణమైన క్షేమము కలిగియుండుట యనియు నిర్వచించినది. ఉదాత్తమైన మాటయే. అయినను ‘సంపూర్ణము’ అను నొక్క పదము వలన, పుట్టుకతో చూపులేనివాడు ఎంత సంతోషముగ నున్నను ఆరోగ్యవంతుడు కాజాలడను అర్థము గూడ అందులో దాగియున్నది. ఆ కాలముననే న్యూయార్కు నగరములో కేన్సరు రోగులకు చికిత్స చేయుచుండిన డేవిడ్ కార్నోఫ్స్కీయు, ఆయన సహచరుడును నూరు నుండి సున్న వరకు ఒక మానమును కల్పించిరి. నూరనగా ఏ బాధయు లేక పనులు చేసికొనువాడు; సున్న యనగా మరణించినవాడు. వైద్యుడు రోగిని చూచి అంకె వేయును. 1963లో సిడ్నీ కాట్జ్ అను వైద్యుడు తన బృందముతో మరియొక సూచికను ప్రకటించెను. స్నానము, వస్త్రధారణ, మరుగుదొడ్డికి పోవుట, పడక నుండి లేచుట, మలమూత్రములపై అదుపు, భోజనము అను ఆరింటిలో మనిషి ఎన్నింటిని ఒరుల సాయము లేక చేసికొనగలడో అది లెక్కించును.

1965లో మేరీలాండులో ఫ్లోరెన్సు మహోనీ యను వైద్యురాలును, డొరోతియా బార్తెల్ అను వ్యాయామ చికిత్సకురాలును కలిసి ప్రకటించిన సూచిక నేటికిని పక్షవాత రోగుల వార్డులలో వాడుకలో నున్నది. ఆ సూచికలో నూటికి నూరు వచ్చినవాడు తన దేహపు పనులు తాను చేసికొనగలడే గాని, వంట వండుకొని, ఇల్లు చక్కబెట్టుకొని, నలుగురిలో తిరిగి ఒంటరిగా జీవింపగలడని అర్థము కాదని ఆ యిరువురే హెచ్చరించిరి. తాము తయారు చేసిన కొలబద్ద పొడవెంతయో తామే చెప్పుట వారి నిజాయితీ. తరువాతి వారందరును ఆ నిజాయితీని పాటింపలేదు.

అదే 1965లో, వైద్యులతో సంబంధము లేని వేరొక దారిలో, హాడ్లీ కాంట్రిల్ అను అమెరికన్ పండితుడు ఒక గ్రంథమును ప్రచురించెను. ఆయన పద్ధతి మిక్కిలి సులభమైనది. ఒక నిచ్చెన బొమ్మను చూపి, “అన్నిటికన్న పై మెట్టు మీరు కోరదగిన ఉత్తమ జీవితము, అడుగు మెట్టు అన్నిటికన్న హీనమైన జీవితము. ఇపుడు మీరే మెట్టుపై నున్నారు?” అని అడుగుట. మెట్లు సున్న నుండి పది వరకు. ఆయన ఈ ప్రశ్నను అడిగించిన దేశములలో మన దేశము గూడ నున్నది. ఇందలి విశేషమేమనగా, మంచి జీవితమనగా ఏమిటో అడుగువాడు నిర్ణయింపలేదు, చెప్పువాడే నిర్ణయించుకొనెను. కొలబద్ద చేతులు మారినది. కాని ఆస్పత్రులకును, ప్రభుత్వపు ఖజానాలకును ఈ నిచ్చెన అప్పుడే చేరలేదు.

ఖజానాలకు చేరినది వేరొక లెక్క. 1970 తరువాత ఆరోగ్య విషయములను పరిశీలించు అర్థశాస్త్రజ్ఞులు ఆయుర్దాయమును, జీవన నాణ్యతను ఒకే సంఖ్యగా గుణించుట మొదలిడిరి. సంపూర్ణారోగ్యముతో గడచిన యేడు ఒకటి, మరణము సున్న, నడుమనున్న స్థితులకు నడిమి విలువలు. ఊహకు ఒక ఉదాహరణము చెప్పుదుము. చక్రముల కుర్చీలో తిరుగు మనిషి స్థితికి 0.7 విలువ కట్టినారనుకొందము. అతనికిని, వైకల్యము లేని అతని యన్నకును ఒకే జ్వరము వచ్చినది. ఒకే మందు ఇద్దరిని బ్రదికించి, ఇద్దరికిని పదేసి యేండ్ల ఆయువు నిచ్చును. అన్నకు దక్కిన లాభము లెక్కలో పది. తమ్మునకు దక్కినది ఏడు. ధాన్యపు బేరములో బస్తాకింత తరుగు తీసినట్లు తమ్ముని ప్రాణములో మూడేండ్ల తరుగు తీయబడినది. తమ్ముని నెవరును ఒక్క మాటయైన అడుగలేదు.

ఇది కాగితముపై లెక్క మాత్రమే గదా యని అనుకొనరాదు. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రములో ఇది చట్టము వరకు నడచినది. బీదలకు ప్రభుత్వమిచ్చు వైద్యసహాయమును మరింతమందికి పంచవలెనని 1989లో ఆ రాష్ట్ర శాసనసభ సంకల్పించినది. ధనము పరిమితము; కనుక ఏ వ్యాధికి ఏ చికిత్స ముందు, ఏది వెనుక అని ఒక జాబితా వ్రాయించిరి. 1991 నాటి జాబితాలో 709 అంశములున్నవి. సొమ్ము 587వ అంశము వరకే చాలినది. ఆ వరుసను నిర్ణయించు సాధనములలో ఒకటి టెలిఫోనుపై జరిపిన విచారణ. సుమారు వేయిమంది సామాన్య ప్రజలకు కొన్ని స్థితులను వర్ణించి, సున్న మరణము, నూరు సంపూర్ణారోగ్యము అనుకొని అంకె వేయుడని యడిగిరి. వారు ఆ స్థితులలో జీవించుచున్నవారే కానక్కరలేదు. ఊహించి చెప్పిన అంకెలే చాలునని యెంచిరి.

ఇంతలో 1990లో అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టము వచ్చెను. 1992 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ కార్యదర్శి లూయీ సల్లివన్ ఓరెగన్ ప్రణాళికను త్రోసిపుచ్చెను. వైకల్యముతో కూడిన జీవితము వైకల్యము లేని జీవితముకన్న తక్కువ విలువైనదను భావము ఆ అంకెల అడుగున నున్నదనియు, అది క్రొత్త చట్టమునకు విరుద్ధమనియు కారణము చూపబడినది. రాష్ట్రమువారు జీవన నాణ్యతపు అంకెలను తొలగించి జాబితాను తిరుగ వ్రాసిన పిదప, 1993 మార్చిలో అనుమతి లభించెను. 2010లో వచ్చిన అమెరికా ఆరోగ్య చట్టము వృద్ధుల ప్రభుత్వ వైద్య పథకములో ఇట్టి లెక్కను హద్దుగా వాడరాదని ఆంక్ష పెట్టినది. ఇంగ్లండులో మాత్రము 1999లో ఏర్పడిన సంస్థ ఈ లెక్కనే ఆధారము చేసికొని మందుల విలువను నిర్ణయించుచున్నది. వారి వాదమును గూడ తేలికగ కొట్టివేయరాదు. సొమ్ము అందరికి చాలనపుడు ఏదో యొక లెక్క లేకున్న, పలుకుబడి గలవానికే మందు దక్కునని వారందురు. లెక్క వలదని మేమనుట లేదు. అంకె వేయు చేయి యెవరిదని అడుగుచున్నాము.

1993లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఇట్టి లెక్కనే లోకమంతటికిని విస్తరింపజేసినది. అకాల మరణము వలన పోయిన యేండ్లకు, వైకల్యముతో గడచిన యేండ్లలో ఒక భాగమును కలిపి, దేశముల రోగభారమును గణించిరి. 1990వ సంవత్సరపు రోగభారమునకు వేసిన గణనలో అంధత్వమునకు 0.600 విలువ యుండెను. అనగా చూపులేని యేడులో నూటికి అరువది పాళ్లు నష్టమైనదని భావము. ఆ విలువలను కట్టినవారు ఆరోగ్యరంగపు నిపుణులు. తరువాత బంగ్లాదేశ్, ఇండోనేషియా, పెరూ, టాంజానియా దేశములలో ఇంటింట తిరిగియు, అమెరికాలో టెలిఫోనుపైనను సామాన్యులను విచారించి, 2012లో క్రొత్త విలువలను ప్రకటించిరి. అప్పుడు అంధత్వపు విలువ 0.195కు దిగినది. ఆ నడుమ చూపులేనివారి జీవితము మూడు రెట్లు తేలికపడెనా? లేదు. అడిగినవారు మారిరి, అడుగబడినవారు మారిరి, ప్రశ్న మారినది, అంకెయు మారినది. విలువ తగ్గినచో అంధత్వ నివారణకు వచ్చు ధనము గూడ తగ్గునేమో యని నేత్రవైద్యులు అభ్యంతరము తెలిపిరి. ఎక్కువ అంకె వేసిన మనిషి విలువ తగ్గును. తక్కువ అంకె వేసిన సహాయము తగ్గును. ఈ చిక్కు ఇంకను పూర్తిగా విడలేదు.

అనుభవించువారినే అడిగిన వారు లేకపోలేదు. అందుకై కొంచెము వెనుకకు, 1978కి పోవలెను. ఆ యేట ఫిలిప్ బ్రిక్మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు మరి యిరువురితో కలిసి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో మూడు వర్గములవారిని ప్రశ్నించెను. లాటరీలో పెద్ద మొత్తములు గెలిచినవారు 22 మంది. వారి ఇరుగుపొరుగువారి వంటి సామాన్యులు 22 మంది. ప్రమాదములలో నడుము క్రింది భాగమో, కాలుసేతులు నాలుగునో చచ్చుపడినవారు 29 మంది. సున్న నుండి అయిదు వరకు మీ సంతోషమెంత యని యడుగగా, లాటరీవారి సగటు 4.00, సామాన్యులది 3.82, ప్రమాదమునకు గురియైనవారిది 2.96 వచ్చెను. ఈ పరిశోధన తరువాత నోటినోట పడి, అవిటివారును లాటరీ గెలిచినవారును సమానముగ సుఖపడుచున్నారను కథగా మారిపోయినది. అది సరికాదు. ప్రమాదమునకు గురియైనవారి సంతోషము తక్కువే. కాని ప్రమాదము జరిగి యేడాదియైనను దాటకమునుపే వారు మధ్యబిందువునకు పైన నిలిచిరి. లోకము ఊహించునంత పాతాళమున వారు లేరు.

ఊహకును అనుభవమునకును గల దూరమును 1994 నాటి యొక అమెరికన్ పరిశోధన మరింత స్పష్టముగ చూపినది. అత్యవసర చికిత్సా విభాగములలో పనిచేయు వైద్యులు, నర్సులు మున్నగువారిని, “మీ వెన్నుపామునకు తీవ్రమైన దెబ్బ తగిలి బ్రదికినచో, బ్రదికియున్నందుకు సంతోషింతురా?” అని యడిగిరి. నూటికి 18 మంది మాత్రమే ఔననిరి. నిజముగ అట్టి దెబ్బ తగిలి జీవించుచున్నవారిని అడుగగా నూటికి 92 మంది సంతోషముగనే యున్నామనిరి. ఆ 18 శాతపు ఊహ గలవారే ప్రాణాపాయ సమయమున పడక ప్రక్కన నిలిచి చికిత్సను నిర్ణయించువారు. ఈ విషయము తలచుకొన్నచో కొలబద్ద యెవరి చేతిలోనిదను ప్రశ్న పండితుల తగవు కాదని, ప్రాణముతో ముడిపడిన మాటయని బోధపడును.

1999లో గేరీ ఆల్బ్రెక్టు, పాట్రిక్ డెవ్లీగర్ అను నిరువురు 153 మంది వికలాంగులతో మాటాడిరి. ఒక మోస్తరు నుండి తీవ్రము వరకు వైకల్యము గలవారిలో నూటికి 54.3 మంది తమ జీవితము బాగున్నదని, లేదా చాల బాగున్నదని చెప్పిరి. దానికి వారు ‘వైకల్య విరోధాభాసము’ అని పేరిడిరి. 2011లో దేహమంతయు కదలక, కనుపాపల కదలికతోనో రెప్పపాటుతోనో మాత్రమే సంభాషింపగల 65 మందిని యూరోపు పరిశోధకులు విచారింపగా, 47 మంది సుఖముగ నున్నామనిరి. 18 మంది లేమనిరి. సుఖము లేదన్నవారి మాటలు ప్రత్యేకముగ వినదగినవి. వారి దుఃఖము మనోవేదనతోను, ఊరిలో తిరుగలేకపోవుటతోను, వినోద కాలక్షేపములు లేకపోవుటతోను, మాట తిరిగి రాకపోవుటతోను ముడిపడియుండెను. వీనిలో కొన్నింటిని వైద్యము తీర్పజాలదు. కాని మంచి బండి, చదునైన దారి, తోడు వచ్చు మనిషి తీర్పగలవియు కలవు.

చూచువాడు ఇంతగా ఏల పొరబడుచున్నాడు? చూపులేనివానిని తలచుకొనునపుడు మనము కన్నులు మూసికొని చీకటిని ఊహింతుము. అది అతని మొదటి దినము. పదియవ యేడు కాదు. ఆ పదేండ్లలో అతడు కర్రతో దారి నేర్చెను, గొంతులను బట్టి మనుషుల నానవాలు పట్టెను, పిల్లలకు పాఠము చెప్పెను, అప్పుల లెక్క చూచెను. మనమేమో అతనిలో కన్నును మాత్రమే చూచి, మిగిలిన మనిషిని మరచితిమి. “అయ్యో పాపము” అను మన మాట గూడ ఒక కొలతయే; అడుగకయే వేసిన అంకె.

అయితే, ‘వారు సుఖముగనే యున్నారట’ అని తేల్చి చేతులు దులుపుకొనుట అంతకన్న పెద్ద పొరపాటు. 2007లో రిచర్డ్ లూకాస్ జర్మనీ, బ్రిటను దేశములలో ఏండ్ల తరబడి ఒకే మనుషులను విచారించిన దత్తాంశములను పరిశీలించెను. దీర్ఘకాలపు వైకల్యము వచ్చినవారి సంతృప్తి తగ్గి, ఏండ్లు గడచినను పూర్వపు మట్టమునకు చేరలేదని ఆయన చూపెను. అలవాటు అన్నిటిని మాన్పదు. మరియు అమర్త్య సేన్ చిరకాలముగ చెప్పుచున్నట్లు, లేమికి అలవాటుపడినవాడు ఉన్నదానితో తృప్తి చెందును. ఆ తృప్తిని సాక్ష్యముగ చూపి అతనికి రావలసినది ఎగగొట్టరాదు. సేన్ వైకల్యమును గూర్చి మరియొక ముఖ్య విషయమును ఎత్తి చూపెను. ఒకే ఆదాయము ఇద్దరికి ఒకే జీవితము నీయదు. కాలులేనివానికి ప్రయాణమునకు, తోడునకు, పనిముట్లకు అదనపు వ్యయము కలదు. వైబ్కె కుక్లిస్ అను పరిశోధకురాలు బ్రిటనులో లెక్క వేయగా, జనులలో నూటికి 17.9 మంది దారిద్ర్యరేఖకు దిగువనున్నారు. వైకల్యము గలవారున్న కుటుంబములలో 23.1 మంది. ఆ అదనపు కష్టమును గూడ లెక్కలోనికి తెచ్చినచో ఆ సంఖ్య 47.4కు పెరిగెను. మొదటి లెక్కలో కనబడని బీదలు రెండవ లెక్కలో బయటపడిరి.

కనుక కొలబద్ద ఒకటి చాలదు. మనస్సులోని తృప్తిని ఆ మనిషియే చెప్పవలెను. చేతికందిన అవకాశములను మనము లెక్కింపవలెను. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. 1990 తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పదునైదు కేంద్రములలో, వానిలో మన మద్రాసు, న్యూఢిల్లీలు చేరియుండగా, రూపొందించిన జీవన నాణ్యతా ప్రశ్నావళి ఈ దిశగా వేసిన అడుగు. దాని సంగ్రహ రూపములోని 26 ప్రశ్నలు దేహమును, మనస్సును, బంధుమిత్రులను, పరిసరములను గూర్చినవి. జవాబు చెప్పువాడు ఆ మనిషియే.

మన తెలుగునాట గూడ ఈ పని జరిగినది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థవారు 1996 నుండి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము ప్రాంతములలో 10,293 మంది కన్నులను పరీక్షించిరి. వారిలో నలువది యేండ్లు దాటినవారిని జీవన నాణ్యతను గూర్చి గూడ అడిగి, ఆ ఫలితములను 2006లో ప్రకటించిరి. చూపు తగ్గినకొలది జీవన నాణ్యత తగ్గుట వింత కాదు. కాని గ్లకోమా గలవారిలోను, నల్లగ్రుడ్డు వ్యాధి గలవారిలోను, చూపు ఎంత మిగిలియున్నదను దానితో నిమిత్తము లేకయే జీవన నాణ్యత తగ్గియుండెను. గోడమీది అక్షరముల పటము చెప్పలేని కష్టమును వారు నోటితో చెప్పిరి. అడుగకున్న అది తెలిసెడిది కాదు.

2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించి, 2007లో మన దేశము ధ్రువపరచిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, వైకల్యము దేహములోనే లేదనియు, ఆ దేహమునకును సంఘపు అడ్డంకులకును జరుగు ఘర్షణ నుండి పుట్టుననియు చెప్పుచున్నది. ఆ మాట నిజమైనచో, మనిషి బాగోగులను కొలుచునపుడు అతని కాలును మాత్రమే గాక మన మెట్లను గూడ కొలువవలెను. బడి గుమ్మము ఎత్తెంత? బస్సు తలుపు వెడల్పెంత? పెండ్లిపిలుపులలో అతని పేరున్నదా?

శాస్త్రజ్ఞులు ఎనుబది యేండ్లలో నేర్చిన పాఠము ఇంటింట ఆచరింపదగినదే. మన యింటనో, ప్రక్కయింటనో వైకల్యము గల మనిషి యుండినచో, అతని మంచమును అరుగుపై నెక్కడ వేయవలెనో, అతడు పెండ్లికి రావలెనో వలదో, చదువు సాగింపవలెనో మానవలెనో అతని తల మీదుగ మనమే తీర్మానించుచుందుము. ప్రేమతోనే చేయుదుము. ఓరెగన్‌లో టెలిఫోనుపై అంకెలు వేసిన వేయిమందియు దుర్మార్గులు కారు. వారు అడుగవలసినవానిని అడుగలేదు, అంతియే. నేటి సాయంకాలము మనము ఆ మనిషి ప్రక్కన కూర్చుండి, “నీకేమి కావలెను?” అని యొకమారు అడిగి, చెప్పినదానిని కడవరకు విందము.